దయగల పొరుగు సరే, ఇల్లు అద్దెకిస్తారా?

"మా పక్కింట్లో ముస్లింలే ఉంటారండీ, కానీ చాలా మంచివాళ్ళు."

బెజవాడలో పుట్టి పెరిగిన ముస్లిం ఎవరూ ఈ మాట వినకుండా ఉండరు. అనేవాళ్ళు దుర్మార్గులేం కాదు. ప్రేమతోనే అంటారు. ఒక్కోసారి మన భుజం మీద చెయ్యి వేసి, మన ఎదుటే, ఇంకొకరికి మనల్ని పరిచయం చేస్తూ అంటారు. నా తగాదా ఆ వాక్యం మధ్యలో కూర్చున్న 'కానీ'తోనే. దానికి ముందున్నది ఒక నేరం, తర్వాత ఉన్నది క్షమాభిక్ష. మంచితనం మా పేరుకి సహజంగా అంటుకునేది కాదనీ, రోజూ రుజువు చేసుకుంటూ ఉంటేనే ఆ సర్టిఫికెట్టు చెల్లుతుందనీ ఆ రెండక్షరాలు చెప్పేస్తాయి.

దీనికి జోడీగా ఇంకో మాట ఉంది. "పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళని మా ఊరు కడుపులో పెట్టుకుంది." కృష్ణా డెల్టాకి ఈ పేరు చాలాకాలంగా ఉంది. నీళ్ళున్న చోటు, అన్నమున్న చోటు, అడిగితే లేదనని చోటు అని. ఇరుగు పొరుగు ఆదరణతో వలస కుటుంబం ఎలా స్థిరపడిందో చెప్పే కథలూ వ్యాసాలూ మనం చాలానే చదివాం. అవి అబద్ధాలని నేననను. నేననేది ఒకటే. పొరుగువాడి దయ మీద నిలబడ్డ ఇల్లు, అద్దె ఇంటికంటే అన్యాయం. అద్దె ఇంటికి నెలకెంత కట్టాలో తెలుస్తుంది. దయకి ఎంత కట్టాలో, ఎన్ని తరాలు కట్టాలో ఎవరూ చెప్పరు.

ముందు ఆ మంచితనం సంగతే మాట్లాడుకుందాం. అది ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో చూద్దాం.

సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ. బెజవాడకి ఉత్తరాన, బుడమేరు పక్కన బతికే పేటలివి. ప్రకాశం జిల్లా మెట్ట పొలాలు ఎండి వచ్చినవాళ్ళు, శ్రీకాకుళం నుంచి తాపీపనికి వచ్చినవాళ్ళు, దూదేకే పని యంత్రాల పాలై ఊరు వదిలిన నూర్‌బాషాలు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టడానికీ టింకరింగుకీ వచ్చిన సాయిబుల పిల్లలు, ఈమధ్య ఒడిశా, బీహార్ కూలీలు. అందరూ ఇక్కడే దిగుతారు. కొత్త కుటుంబం సామాను ఆటో దిగిన పూటే పక్క గుమ్మం లోంచి ఒకావిడ బయటికి వస్తుంది. పంపు ఎన్ని గంటలకి వస్తుందో చెబుతుంది. ఏ డిపోలో బియ్యం సక్రమంగా తూస్తారో, ఏ బడిలో కాగితాలు లేకపోయినా పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుంటారో చెబుతుంది. అర్ధరాత్రి నొప్పులొస్తే పెద్దాసుపత్రికి వెంట వెళుతుంది. వచ్చినామె పేరు అడక్కముందే 'అక్కా' అంటుంది. ఈమె 'వదినా' అంటుంది. రంజాన్‌కి సేమ్యా గిన్నె ఆ గుమ్మానికి వెళుతుంది. సంక్రాంతికి అరిసెలు ఈ గుమ్మానికి వస్తాయి. క్రిస్మస్‌కి ఇంకో గుమ్మం నుంచి కేకు ముక్క వస్తుంది. ఉట్టి గిన్నె తిరిగి పంపకూడదని చారెడు పంచదారైనా వేసి పంపుతారు.

ఆ వదిన ఎవరు? ఒక మాల తల్లి, ఒక మాదిగ తల్లి, ఒక చాకలి తల్లి, ఒక బూబమ్మ. ఆమె కూడా మొన్న వచ్చిన మనిషే. ఆమె సామాను కూడా ఇలాగే ఒక రోజు ఈ వీధిలో దిగింది. ఆ వీధిలో దీన్ని దయ అనరు. ఇవాళ నీకు, రేపు నాకు అంటారు. ఇచ్చేచెయ్యి పైనా పుచ్చుకునేచెయ్యి కిందా ఉండవు అక్కడ. పొరుగు అని దేన్నన్నా అనాలంటే నేను దాన్నే అంటాను.

ఇప్పుడు కాలవలు దాటి ఇవతలికి రండి. పటమట, లబ్బీపేట, సత్యనారాయణపురం, పేరులోనే 'మొగల్' వినిపించే మొగల్రాజపురం. ఇక్కడ పొరుగు మొదలయ్యే ముందు ఒక ప్రశ్న ఉంటుంది. "మీరేవిట్లు?" అని. ఎంత ముచ్చటైన బహువచనం! కులం అడుగుతున్నట్టే ఉండదు. యోగక్షేమం అడిగినట్టు ఉంటుంది. దళితుడికి ఆ ప్రశ్న ఎక్కడ గుచ్చుకుంటుందో వాళ్ళు రాశారు. మాకు ఆ ప్రశ్న దాకా కూడా రానివ్వరు. పేరు చెబితే చాలు.

ఇరవై ఏళ్ళ కిందట కొత్తగా పెళ్ళయి నేను ఇల్లు వెతుక్కున్న రోజులు. పత్రికలో ఉద్యోగం. చదివింది బి.ఏ. ఫోన్‌లో నా తెలుగు వినీ, ఉద్యోగం వినీ ఇంటివాళ్ళు సంతోషంగా రమ్మనేవాళ్ళు. మీ పత్రిక మేం రోజూ చదువుతామండీ అనేవాళ్ళు. రెండు గదులు చూపించేవాళ్ళు, మోటారు ఎప్పుడు వేస్తారో చెప్పేవాళ్ళు, అడ్వాన్సు ఎంతో చెప్పేవాళ్ళు. చివర్న "పేరేమన్నారు?" అని. చెప్పేవాణ్ణి. ఒకాయనకి అప్పటికప్పుడు తన బావమరిది గుర్తొచ్చాడు. ఇల్లు అతనికి మాటిచ్చానని మర్చేపోయానండీ అన్నాడు. ఇంకొకాయన "మా ఆవిడకి మడి ఎక్కువ, మీరు నీచు వండుతారు కదా" అన్నాడు. అది ఆదివారం. వాళ్ళ వంటింట్లోంచి కోడికూర వాసన వస్తోంది. అదే కోడి మా ఇంట్లో ఉడికితే నీచు, వాళ్ళింట్లో ఉడికితే పలావు. మూడో ఇంటివాళ్ళు నిజంగా మంచివాళ్ళు. మంచినీళ్ళిచ్చారు, మజ్జిగిచ్చారు. "మాకేం పట్టింపు లేదు బాబూ, పక్కవాళ్ళు ఏమనుకుంటారో" అన్నారు. ఆ పక్కవాళ్ళెవరో ఇన్నేళ్ళయినా నాకు కనపడలేదు. ప్రతి ఇంటికీ పక్కన ఉంటారు, ఏ ఇంట్లోనూ ఉండరు. చివరికి ఇల్లు వించిపేటలో దొరికింది. దొరికాక ఆఫీసులో ఒక మిత్రుడన్నాడు: "మీవాళ్ళంతా ఒకేచోట ఎందుకుంటారు? అందరిలో కలవచ్చు కదా?"

వాళ్ళు నాతో అన్న మాట "ఇల్లు ఖాళీ లేదు" అని. ఖాళీ ఎవరి మాట? అరబీ. ఉర్దూ నోటి మీదుగా తెలుగులోకి వచ్చి కూర్చుంది. కిరాయి, జాగా, దస్తావేజు, మరమ్మతు అన్నీ అలా వచ్చినవే. డెల్టా రైతు అని గర్వంగా అంటామే, రైతు ఎవరి మాట? అతను వేసే ఖరీఫ్, రబీ ఎవరివి? శిస్తు లెక్కల్లో ఇన్నాళ్ళూ రాసిన ఫసలీ ఎవరిది? రెండు పొలాల మధ్య పొరుగువాడితో తగువు పడేది హద్దు కోసం. ఆ హద్దూ మాదే. కౌలు అంటే అరబీలో ఇచ్చిన మాట అని అర్థం. జిల్లా పాత రాజధాని బందరు. బందరు అంటే పారసీలో రేవు. గోల్కొండ సుల్తానుల కాలంలో అది దేశదేశాల ఓడలు ఆగిన రేవు. ఇరానీ వర్తకులు అక్కడ కాపురాలున్నారు. బందరు, పెడన అద్దకాల మీద పారసీ తీగలూ పూలూ ఇప్పటికీ పూస్తున్నాయి. ఆ పనికి కలంకారీ అని పేరు, కలమూ పారసీ చేతుల మీదుగా వచ్చిందే. ఇన్ని మాటలకి తెలుగు ఇంట్లో చోటు దొరికింది. ఏ మాటనీ మీరేవిట్లని ఎవరూ అడగలేదు. మాటలు ఇంట్లోకి వచ్చాయి. వాటిని తెచ్చిన మనిషి గుమ్మం బయటే ఉన్నాడు.

వలస సంగతి ఎత్తితే అసలు ఎవరు వలస, ఎవరు స్థానికం? 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తి కాకముందు బెజవాడ ఒక చిన్న ఊరు. 1893లో రైలు వంతెన పడ్డాక జంక్షన్ అయింది. కాలవల కింద పండిన ధాన్యం కోసం, రైలు కోసం, ఆ తర్వాత లారీల కోసం, సినిమా డబ్బాల కోసం వచ్చినవాళ్ళే ఈ ఊరు. వన్‌టౌన్‌లో గుజరాతీలు, మార్వాడీలు వచ్చి కొట్లు పెట్టారు. పల్లెల నుంచి భూములున్నవాళ్ళు వచ్చి మేడలు కట్టారు. ముందు రైలు దిగినవాడు తర్వాతి రైలు దిగినవాణ్ణి పట్టుకుని ఎక్కణ్ణుంచి వచ్చావు అని అడగడం, అదే కదా స్థానికత!

డెల్టా నుంచి వలస వెళ్ళినవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. నిజాంసాగర్ 1931 నాటికి కట్టారు. ఆ నీళ్ళ కింద వరి పండించడానికి కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు బోధన్, వర్ని, బాన్సువాడ వైపు వెళ్ళారు. అది నిజాం రాజ్యం. కచేరీలో భాష ఉర్దూ. పట్వారీ కాగితం ఉర్దూ. వాళ్ళు అక్కడ భూములు కొన్నారు, క్యాంపులు కట్టుకున్నారు, నిలదొక్కుకున్నారు. తుంగభద్ర నీళ్ళొచ్చాక ఇంకొందరు కర్ణాటకలో సింధనూరు, గంగావతి వైపు వెళ్ళారు. అక్కడా క్యాంపులే. ఇప్పటికీ ఊళ్ళ పేర్ల చివర ఆ మాట ఉంది. పరాయి భాష మధ్య, పరాయి జనం మధ్య బతకడమంటే ఏమిటో డెల్టా రైతు కుటుంబాలకి ఎవరూ నేర్పనక్కర్లేదు. మరి ఆ జ్ఞాపకం బెజవాడలో ఇంటి తాళం తీసేటప్పుడు ఎక్కడికి పోతుంది?

అమెరికా సంగతి ఇంకా ఘోరం. ఈ డెల్టాలో ఒక బిడ్డయినా అమెరికాలో లేని మధ్యతరగతి వీధి అరుదు. ఆ బిడ్డ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంటు అద్దెకి అడిగినప్పుడు, నీ రంగేమిటి, నీ మతమేమిటి, నువ్వే దేశం నుంచి వచ్చావు అని చూసి ఇల్లు లేదనడం అక్కడ చట్టవిరుద్ధం. 1968 ఏప్రిల్‌లో వచ్చిన చట్టమది. మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన వారానికి సంతకమైంది. నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని, ప్రాణాలిచ్చి తెచ్చుకున్న చట్టం నీడలో మన పిల్లలు ఇల్లు తీసుకుంటున్నారు. తీసుకుని, అక్కడ సంపాదించిన డాలర్లతో బెంజి సర్కిల్ పక్కన ఫ్లాటు కొని, వాచ్‌మన్‌కి ఫోన్ చేసి చెబుతున్నారు: "ముస్లింలకి ఇవ్వొద్దు." అక్కడ హక్కుగా పుచ్చుకున్నది ఇక్కడ దయగా కూడా ఇవ్వరు. అక్కడి తెల్ల పొరుగువాడు కేకు తెచ్చి పలకరించాడని పొంగిపోయి ఉత్తరాలు రాసేదీ వీళ్ళే.

మన దగ్గర చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించి స్థిరపడే హక్కు పౌరుడికిచ్చింది. 15వ అధికరణం మతం పేరుతో, కులం పేరుతో వివక్ష చూపొద్దని ప్రభుత్వానికి చెప్పింది. దుకాణాలకీ హోటళ్ళకీ బావులకీ కూడా చెప్పింది. ఇంటి యజమానికి మాత్రం చెప్పలేదు. మతం చూసి ఇల్లు నిరాకరించే యజమానిని ఆపే కేంద్ర చట్టం మనకి లేదు. 2005లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వం ఒక మతంవాళ్ళకే పరిమితం చేసుకోవడం తప్పు కాదంది. 2006లో సచార్ కమిటీ, డబ్బుండి కూడా ముస్లింలకి కోరినచోట ఇల్లు కొనడం, అద్దెకి తీసుకోవడం కష్టంగా ఉందన్న మాటని తన నివేదికలో నమోదు చేసింది. 2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం తయారుచేసింది. అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదని రాసింది. మతం చూసి ఇల్లు లేదనకూడదని ఒక్క వాక్యం రాయలేదు. అడ్వాన్సు దాకా చేరినవాళ్ళ కోసం రాసిన చట్టమది. గుమ్మం దగ్గరే ఆగిపోయినవాళ్ళ కోసం కాదు.

ప్రభుత్వం తలచుకుంటే వలసవచ్చినవాళ్ళని ఎంత బాగా చూసుకోగలదో మనం 2016లో చూశాం. రాష్ట్రం విడిపోయాక సచివాలయ ఉద్యోగులు హైదరాబాద్ నుంచి తరలివచ్చారు. వాళ్ళకి వారానికి ఐదురోజుల పని ఇచ్చారు. అద్దె భత్యం ఇచ్చారు. రైలు వేశారు. తప్పంటున్నానా? కాదు. ఊరు మారడం కష్టమని ప్రభుత్వానికి తెలుసు అంటున్నాను. నాలుగేళ్ళ తర్వాత, 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో పనులు పోయి ఒడిశా, బెంగాల్, బీహార్ వైపు నడిచి వెళ్ళే కూలీలు ఇదే ఊరి పక్క జాతీయ రహదారి మీద తాడేపల్లి దగ్గర కనిపించారు. అన్నం పొట్లాలిచ్చిన చేతులు చాలా ఉన్నాయి. ఆ చేతులకి నా సలాం. కానీ వాళ్ళ మీద లాఠీలు లేచిందీ అక్కడే. పొట్లం ఇచ్చిన దయ లాఠీని ఆపలేకపోయింది. దయ ఎంత గొప్పదైనా దానికి లాఠీని ఆపే అధికారం ఉండదు. హక్కుకి ఉంటుంది.

2024 సెప్టెంబర్ వరదలు ఇదే మాటని ఇంకా గట్టిగా చెప్పాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు, ఆ బ్యారేజీ ఎన్నడూ చూడనంత నీరు వెళ్ళింది. ఊరిని ముంచింది మాత్రం కృష్ణ కాదు, బుడమేరు. కొండపల్లి దగ్గర గండ్లు పడి ఆ నీళ్ళు సింగ్‌నగర్ మీద, రాజరాజేశ్వరిపేట మీద పడ్డాయి. రోజుల తరబడి దిగలేదు. అప్పుడు ఏం జరిగిందో ఆ పేటలు చెబుతాయి. మేడ ఉన్నవాళ్ళు కిందివాళ్ళని పైకి తీసుకున్నారు. ఎవరి గదిలో దేవుడి పటముందో, ఎవరి గదిలో మక్కా పటముందో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. ఉన్న బియ్యం ఒకే గిన్నెలో వండుకున్నారు. దీన్ని మత సామరస్యం అని పత్రికలు రాశాయి, మేమే రాశాం. బాగుంది. అడగాల్సిన ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఇంతమంది పేదలు, దళితులు, ముస్లింలు ఏటి దారిలోనే ఎందుకు ఇళ్ళు కట్టుకున్నారు? 2005లో కూడా బుడమేరు ఇలాగే వచ్చిందని తెలిసీ అక్కడే ఎందుకున్నారు? ఎత్తుగా ఉన్న పేటలు వాళ్ళకి ఖాళీ లేవన్నాయి కనుక. ఊరు లేదన్నవాళ్ళకి ఏరు చోటిచ్చింది. ఇచ్చిన చోటు ఒక రాత్రి వచ్చి తీసుకుంది. కింది అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తుకి 10 వేలు అని ప్రభుత్వం పరిహారం ప్రకటించాక, జాబితాలో పేరు లేదని అర్జీలు పట్టుకుని జనం కలెక్టరేటు దగ్గర బారులు తీరారు. అద్దె ఇంట్లో ఉంటూ, కాగితాల్లో చిరునామా ఇంకో ఊళ్ళో ఉన్నవాడు ఏ కాగితం చూపిస్తాడు? పక్కింటి వదిన సాక్ష్యం చెబుతుంది. వదిన సాక్ష్యానికి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

ఇక మన లౌకిక మిత్రులతో ఒక మాట. ఈ ఊరు ఎర్రజెండాల ఊరు. సాహిత్యం ఊరు. ముస్లింల మీద ప్రేమతో మీరు రాసిన కథల్లో మా మనిషి ఎలా ఉంటాడు? అరుగు మీద కూర్చుని అందరి పిల్లలకీ తాయెత్తు కట్టే సాయిబు తాత. సినిమాలోనైతే హీరోని కాపాడబోయి ముందే చచ్చిపోయే రహీం చాచా. మంచి ముస్లిం అనిపించుకోవడానికి చావాల్సిందేనా? అద్దె బాకీ పడే ముస్లిం, పక్కవాళ్ళతో పంపు దగ్గర దెబ్బలాడే ముస్లిం, మీలాగే మామూలుగా ఉండే ముస్లిం మీ కథలో ఎప్పుడు దిగుతాడు? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసినప్పుడు మీరంతా ఉలిక్కిపడ్డారు, మెచ్చుకున్నారు. దాని గురించి సభలు పెట్టారు. ఇఫ్తార్ విందుకి పిలిస్తే వస్తారు, హలీం బాగుందంటారు. సంతోషం. మీ మేడ మీద పోర్షన్ ఖాళీ అయినప్పుడు ఎవరికిచ్చారు? ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా లౌకికవాదం గురించి ఎన్ని వ్యాసాలు రాసినా, అవి ఇంటి బయట వేలాడే బోర్డులే.

మావాళ్ళని వదిలిపెడతానని అనుకోవద్దు. ఉర్దూ మాట్లాడే మొహల్లాలో తెలుగు మాట్లాడే నూర్‌బాషాకి ఎన్నాళ్ళు చోటిచ్చాం? ఉర్దూ రానివాడు ముస్లిమేనా అని వెక్కిరించిన నోళ్ళు మావి కావా? మాకు ఇల్లు దొరకడం లేదని ఏడ్చే మా ఇంటి ఓనరు, మాదిగ కుటుంబం వస్తే ఏమంటున్నాడు? బీహార్ నుంచి వచ్చిన సాటి ముస్లిం కూలీకి గది ఇవ్వడానికి ఎందుకు నసుగుతున్నాడు? దీన్‌లో పొరుగువాడి సంగతి మనకి దానం కింద చెప్పలేదు, హక్కు కింద చెప్పారు. సూరా నిసాలో దగ్గరి పొరుగుతోపాటు పరాయి పొరుగు మాట కూడా ఉంది. ఖుత్బాలో విని తలాడించి, ఇంటికొచ్చి తాళం వేసుకుంటే ఎదుటివాడిని అడిగే నోరు మనకుండదు. హక్కు అడిగేవాడు ముందు హక్కు ఇవ్వాలి.

అందుకే అడుగుతున్నాను, దయగా కాదు. మతం పేరుతో, కులం పేరుతో ఇల్లు లేదనడం శిక్షించదగ్గ నేరమని ఈ రాష్ట్రం చట్టం చెయ్యాలి. అద్దె ఒప్పందం కాగితం మీద ఉండాలి, ఆ కాగితం చిరునామాగా చెల్లాలి. వరదొచ్చినా వ్యాధొచ్చినా పరిహారం ఇంట్లో ఉన్న మనిషికి అందాలి. ఏటి దారిలో ఉన్నవాళ్ళని లేపేముందు ఎత్తు మీద చోటు చూపించాలి, ఊరి అవతల కాదు, ఊళ్ళోనే. అది జరిగేదాకా మీ మంచితనాన్ని మేం కాదనం, సేమ్యా గిన్నె పంపుతూనే ఉంటాం.

ఉర్దూలో పొరుగువాణ్ణి హమ్‌సాయా అంటారు. ఒకే నీడలో ఉన్నవాడు అని. ఆ మాటలో నీడకి యజమాని లేడు. ఒకడు నీడ ఇచ్చేవాడూ, ఇంకొకడు తలవంచుకుని కూర్చునేవాడూ లేరు. ఎండ అందరి మీదా పడుతోంది కనుక నీడ అందరిదీ. మా పక్కింటివాళ్ళు మంచివాళ్ళు అని మా గురించి ఇక చెప్పకండి. మా పక్కింటివాళ్ళు అనండి. అక్కడ ఆగండి.